కుట్టి చూశాను: తొమ్మిదో భాగం

మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి ఎత్తుగుడ్డ ఎడమవైపు పిడి ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. పెద్దాయన మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్య నేల మీద పడ్డాడు. కుడి తుంటి ఎముక విరిగింది. ఆయన వయసు డెబ్బై ఎనిమిది.

ఇంతవరకు ఖాయంగా తెలిసినవి చెప్పుకుందాం. ఎత్తుగుడ్డ అంటే మంచం పట్టిన మనిషి కింద పరిచి, ఇద్దరు రెండేసి పిడులు పట్టుకుని కుర్చీలోకి మార్చే గుడ్డ. పెద్దాయన కింద పరిచినదాన్ని ఆ ఇంటి కోడలు కుట్టింది. ఆ పొద్దున ఎడమవైపు పట్టుకున్నదీ ఆమే, కుడివైపు ఆమె భర్త. కొలతలు ఫోనులో ఒక పేజీ చూసి తీసుకుంది.

ఆ పేజీకి యజమాని లేడు. ఆరేళ్ళ కిందట ఒకాయన భార్య మంచం పడితే పాత దుప్పటికి నాలుగు పిడులు కుట్టి, బొమ్మ గీసి, పదిమందికీ చూపించాడు. చూసినవాళ్ళు చూసి ఊరుకోలేదు. ఒకరు నడుము దగ్గర వెడల్పు పెంచారు. ఒకరు తల కింద దన్ను కలిపారు. ఇంకొకరు పిల్లల కొలత రాశారు. చూసేవాళ్ళే చేసేవాళ్ళయి, ఇప్పుడు ఆ పేజీలో పదకొండు వేలమంది ఉన్నారు. మార్పు ఎవరైనా రాయవచ్చు. అది పేజీ మీదికి ఎక్కాలంటే మాత్రం వేరే ఇద్దరు దాన్ని స్వయంగా కుట్టి, బరువు వేసి ఎత్తి చూసి, ‘కుట్టి చూశాను’ అనే గుర్తు నొక్కాలి.

ఆ గుర్తులు అందరికంటే ఎక్కువ పెట్టిన పేరు కొలతలక్క. మొత్తం రెండువందల పన్నెండు. కొలతలక్క అంటే ఆసుపత్రి వీధిలో కుట్టుషాపు నడిపే టైలరమ్మ. ఈ సంగతి ఆమె భర్తకు తప్ప వీధిలో ఎవరికీ తెలియదు. పెద్దాయన గుడ్డలో ఉన్న కొత్త మార్పుకు ఆమె గుర్తు పెట్టింది. కుట్టలేదు. ఈ సంగతి భర్తకు కూడా తెలియదు.

గురువారం పదీ నలభైకి కోడలూ, ఆమె ఆడపడుచూ ఒక సంచి పట్టుకుని ఆ షాపు మెట్లెక్కారు. మనం ఆగింది అక్కడ.

షాపు పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. రెండు మిషన్లు, పోగులు రాకుండా అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, గోడవారగా కటింగ్ బల్ల. బల్ల దగ్గర టైలరమ్మ భర్త నిలబడి నర్సుల యూనిఫారాలకు సుద్దతో గీతలు గీస్తున్నాడు. వీధంతా ఆయన్ని మాస్టారు అంటుంది. బడి మాస్టారు కాదు, కత్తెర మాస్టారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది.

"టైలరమ్మంటే మీరేనా?" ఆడపడుచు అడిగింది.

"నేనే. రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండీ. మా నాన్న అక్కడ ఆసుపత్రిలో పడి ఉన్నాడు. రెండు నిమిషాల పని. ఒక కుట్టు చూసి బాగుందో లేదో చెప్పాలి, అంతే." ఆమె వెనక్కి తిరిగింది. "తియ్యి, ఆ నిర్వాకం తియ్యి బయటికి."

కోడలు సంచిలోంచి గుడ్డ తీసి మిషను బల్ల మీద పరిచింది. నీలం కాన్వాసు. ఉతికి, మడతపెట్టి తెచ్చింది.

"ఉతికేశావా?" ఆడపడుచు నోరు తెరిచింది. "చూశారా అండీ, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ఉతికి ఆరేసింది."

"మామయ్య తడిపేసుకున్నారొదినా. అలాగే పట్టుకురానా నలుగురి మధ్యకి?"

టైలరమ్మ గుడ్డ దగ్గరికి వంగింది. పిడి ఉండాల్సిన చోట అరచేయంత చదరపు కన్నం ఉంది. కోడలు పిడిని విడిగా తీసి పక్కన పెట్టింది. అరచేయంత గుడ్డముక్క ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. నాలుగు పక్కలా డబ్బా కుట్టు, మధ్యలో అడ్డంగా రెండు వరసలు. ఒక్క దారమూ తెగలేదు. సూది పోట్ల వెంట గుడ్డే చిరిగింది, తపాలా బిళ్ళ చింపితే చిరిగినట్టు.

ఒక్క చూపులో ఆమెకు అర్థమైంది. కుట్టులో దోషం లేదు. పాత పద్ధతిలో, కొసలు పిడులుగా మడిచిన నవారు ఒక అంచు నుంచి మనిషి కింది నుంచి రెండో అంచుకు పోతుంది. ఎత్తినప్పుడు బరువు నవారు మోస్తుంది. కొత్త మార్పులో నవారును జానెడు ముక్కలు చేసి అంచులకు మాత్రం కుట్టమన్నారు. నవారు ఆదా అవుతుంది, గుడ్డ తేలికవుతుంది, మడత బాగా పడుతుంది. బరువు మాత్రం సూది పోట్ల మీద పడుతుంది. ఒక్కసారి కుట్టి, ఒక్కసారి ఎత్తి ఉంటే చేతికే తెలిసిపోయేది.

ఇద్దరు ఆడవాళ్ళూ ఆమె మొహంలోకి చూస్తున్నారు.

"కుట్టు మరీ దగ్గర పడిందమ్మా," అంది టైలరమ్మ.

అందులో అబద్ధం లేదు. కుట్టు దగ్గరగానే ఉంది. అందుకే ఆ మాట ఆమె నోటికి అంత తేలిగ్గా వచ్చింది.

"విన్నావా?" ఆడపడుచు చెయ్యి తిప్పింది. "మొన్నట్నించీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను, రాని పని మీదేసుకోకే అని. ఇవాళ ఫోను చూసి గుడ్డ కుట్టారు, రేపు ఫోను చూసి ఆపరేషన్లు చేస్తారు."

"దగ్గరగా వెయ్యమనే రాశారొదినా పేజీలో."

"ఎవరమ్మా రాసింది? ఏ ఊరావిడ? మొహం చూశావా ఎప్పుడైనా?"

కోడలు గుడ్డ అంచు సరిచేసింది.

"అమ్మా, మీరు ఇదే మాట ఒక కాగితం మీద రాసివ్వండి," ఆడపడుచు టైలరమ్మ వైపు తిరిగింది. "మూడింటికి మా తమ్ముడూ చిన్నాన్నా ఆసుపత్రికొస్తున్నారు. నాన్నని నేను మా ఇంటికి తీసుకుపోతానంటే మా తమ్ముడు ససేమిరా అంటున్నాడు. మా ఆవిడ బంగారంలా చూసుకుంటుందంటాడు. ఆ బంగారం ఏపాటిదో మీలాంటి పని తెలిసిన మనిషి చెబితే వాడికీ తలకెక్కుతుంది."

"రాయండక్కా," అంది కోడలు. "వదిన అన్నది నిజమే. కుట్టింది నేనే కదా. ఇంకెవరినో అని ఏం లాభం? ఆయనకి నాలుగు నెలలుగా నేనే స్నానం చేయిస్తున్నాను. ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే దుప్పటి గట్టిగా పట్టుకుంటున్నారు."

టైలరమ్మ సొరుగు లాగింది. షాపు పేరున్న కాగితం తీసింది. పెన్ను తీసింది. తేదీ వేసింది.

"ఆగు," అన్నాడు మాస్టారు.

ఆయన సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వచ్చాడు. పిడిని తిరగేసి చూశాడు. గుడ్డను కిటికీ వైపు ఎత్తి కన్నంలోంచి వెలుతురు చూశాడు.

"ఎవరి కుట్టమ్మా ఇది?"

"నాదేనండీ."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా అమ్మ దగ్గర. దిండు గలీబులూ, కర్టెన్లూ, అంతే."

"మీ అమ్మ చేతికి దణ్ణం పెట్టాలి. రేపట్నించి నీకు పనిస్తాను, వస్తావా?" ఆయన ఆడపడుచు వైపు తిరిగాడు. "చూడమ్మా, దారం తెగితే కుట్టినవాళ్ళని అను. ముడి జారితే కుట్టినవాళ్ళని అను. ఇక్కడ ఆ రెండూ లేవు. గుడ్డ చిరిగింది. బరువెప్పుడూ నవారు మీద పడాలి గానీ కుట్టు మీద పడకూడదు. నవారుని ముక్కలు కోసి అంచుకి అతికించమన్న మహానుభావుడు ఎవడో, వాడు జన్మలో సిమెంటు బస్తా ఎత్తి ఉండడు. అది కుట్టి చూశానన్న మహాతల్లి ఎవరో, ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు."

"అలా అనకండి మాస్టారూ," కోడలు చప్పున అంది. "ఆవిడని మాత్రం ఏమీ అనకండి. ఆ పేజీలో అందరికీ ఆవిడంటే ప్రాణం. నేను మొదట కుట్టిన గుడ్డ వంకర పోతే, ఎక్కడ పోయిందో ఫోటో చూసి చెప్పింది. మామయ్యకి నడుము దగ్గర ఒరుసుకుంటోందంటే అంచు లోపలికి తిప్పమంది. కొలతలక్క గుర్తు పెట్టిందంటే కళ్ళు మూసుకుని కుట్టచ్చంటారు అందరూ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టైలరమ్మ చెయ్యి మెడలో ఉన్న టేపు మీదికి పోయింది.

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె కాగితం మీద వేసిన తేదీ వైపు చూసింది. ఆయన సుద్దముక్కను బల్ల మీద పెట్టాడు.

"టీ చెప్పొస్తాను," అన్నాడు.

టీ కొట్టుకు ఫోను చేస్తే గ్లాసులు షాపులోకే వస్తాయి. పన్నెండేళ్ళుగా వాళ్ళు అలాగే తెప్పించుకుంటున్నారు. ఆయన చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రాయితో కొట్టినా ఇంత దెబ్బ తగలదనిపించింది టైలరమ్మకు. తిడితే పడేది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఎన్నోసార్లు కుట్టు విప్పించాడు, మళ్ళీ వేయించాడు, అందరి ముందూ అరిచాడు. ఆమె ముందు నిలబడలేక బయటికి పోవడం ఇదే మొదలు.

"రాస్తున్నారా అండీ?" ఆడపడుచు అడిగింది.

"ఆ కొలతలక్కని నేనే," అంది టైలరమ్మ.

ఆడపడుచు నవ్వింది. ఎదుటి మనిషి హాస్యమాడుతోందనుకుని నవ్వింది. తర్వాత ఆపేసింది.

కోడలు గోడ వైపు చూసింది. అద్దం పక్కన గోడకు ఆ పేజీ చిరునామా ఉన్న కాగితం అంటించి ఉంది. నాలుగు నెలల కిందట కర్టెన్లకు అంచు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు ఆ కాగితం చూసే కోడలు పేజీలో చేరింది. ఆ రోజు టైలరమ్మ ఆమెకు పేజీ సంగతంతా చెప్పింది, తన పేరు ఒక్కటి తప్ప. మెప్పు ఆ పేరుకు చేరితే చాలు, మనిషికి అక్కర్లేదని ఆమె అనుకునేది.

కోడలి మొహంలో ముందు కనబడింది ఊరట.

"అయితే మీరు కుట్టి చూశారు కదక్కా," అంది. "మీకు ఊడలేదు. అంటే తప్పు నా చేతిదే. మీరు ఎలా కుట్టారో ఒక్కసారి చూపించండి, ఎక్కడ తేడా పోయిందో తెలిసిపోతుంది."

ఇంతకంటే ఆ పిల్ల చెంప మీద కొట్టినా బాగుండేది.

"నేను కుట్టలేదమ్మా."

"ఊఁ?"

"కుట్టలేదు. ఎత్తి చూడలేదు. చదివి, గుర్తు నొక్కాను."

ఓవర్‌లాక్ మిషను మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. టైలరమ్మ లేచి దాన్ని ఆపింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. కిందటి నెల పదిహేడో తేదీ, పదకొండూ ముప్పై ఒకటికి ఆ మార్పు పేజీలోకి వచ్చింది. రాసింది సూదిమందు అనే పేరు పెట్టుకున్న ఒక కాంపౌండరు. టైలరమ్మ ఏ మార్పు రాసినా మొదటి గుర్తు అతనే పెడతాడు. అతను రాస్తే మొదటి గుర్తు తను పెడుతుంది. ఎవరూ ఎవరినీ అడగలేదు, అలా అలవాటైపోయింది. ఆ రోజు యూనిఫారాల ఆర్డరు మీద ఉంది. పదకొండూ నలభై రెండుకి నొక్కింది. ‘బాగుంది, కుట్టు దగ్గరగా వేయండి’ అని ఒక మాట కూడా రాసింది. కుట్టినవాళ్ళు రాసే మాటలా ఉండాలని రాసింది.

"పదకొండు నిమిషాలు," అంది. "గుడ్డ కత్తిరించడానికే నలభై పడుతుంది. పేజీలో మార్పుల చరిత్ర కింద టైముతో సహా ఉంది. ఎవరైనా చూడచ్చు. ఎవరూ చూడలేదు."

"ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం," అంది ఆడపడుచు. గొంతు తగ్గింది, పదును తగ్గలేదు. "మధ్యలో మా నాన్న తుంటి. ఇందాక ఆ కాగితం తీశారు చూడండి. రాసేసేవారా? నిజం చెప్పండి. మీ ఆయన రాకపోతే ఆ పిల్ల తప్పని రాసి నా చేతిలో పెట్టేవారా?"

"రాసేదాన్ని."

"రాసేదాన్నట! ఎంత నిమ్మళంగా చెబుతున్నారండీ!"

"నిమ్మళంగా లేనమ్మా."

"క్షమించమంటారు కాబోలు ఇప్పుడు."

"అడగడానికి నాకు మొహం లేదు."

కోడలు పిడిని తీసి సంచిలో వేసింది. మళ్ళీ బయటికి తీసింది. ఎక్కడ పెట్టాలో తోచనట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, ఒక్క మాట," అంది. "మీరు నొక్కింది నాకు ఎప్పటికైనా మర్చిపోవడానికి వీలవుతుందేమో. పని తొందరలో నొక్కారు. ఇందాక నా కళ్ళలోకి చూస్తూ కుట్టు దగ్గర పడిందన్నారు. అది నాకు గుర్తుంటుంది."

టైలరమ్మ పెన్నుకు మూత పెట్టింది.

"సరే, అది తర్వాత," కోడలు ఫోను తీసింది. "ఇది ఇంకెంతమంది కుట్టారు?"

ఆ ప్రశ్న టైలరమ్మకు నిన్నటినుంచీ తట్టలేదు. బుధవారం పొద్దున పేజీలో కోడలు పెట్టిన ప్రశ్న, ‘పిడి ఊడింది, నేనెక్కడ తప్పు చేశాను?’ అన్నది ఆమె పదిసార్లు చదివింది. ప్రతిసారీ తన సంగతి బయటపడుతుందా లేదా అన్నదే ఆలోచించింది. చదివినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టింది.

ప్రతి మార్పు కిందా ‘నేనూ కుట్టాను’ అని చెప్పుకునేవాళ్ళ పేర్లు ఉంటాయి. ఈ మార్పు కింద నలభై మూడు ఉన్నాయి. కోడలి పేరు ముప్పై ఎనిమిదోది.

పదకొండూ యాభై ఎనిమిదికి టైలరమ్మ పేజీలో ఇలా రాసింది: ‘నవారు ముక్కలు చేసి అంచుకు కుట్టే మార్పును వాడకండి. ఇప్పుడే ఆపండి. ఒకరి ఇంట్లో పిడి చిరిగి పెద్దాయన పడ్డారు. కుట్టినవాళ్ళ తప్పు లేదు. నేను కుట్టకుండా కుట్టి చూశానని గుర్తు పెట్టాను. తప్పు నాది.’ కింద షాపు చిరునామా, తన ఫోను నంబరు వేసింది. ఆరేళ్ళలో ఆ పేజీలో ఆమె చిరునామా రాయడం అదే మొదటిసారి.

మొదటి జవాబు నిమిషంలోపు వచ్చింది. ‘అక్కా, మీరు కూడానా?’ తర్వాత తిట్లు వచ్చాయి. అవి ఆమె చదవగలిగింది. చదవలేకపోయినవి వేరే. ‘పరవాలేదక్కా, అందరం అలాగే నొక్కుతాం.’ ‘నేను చదివి బాగుంటే నొక్కేస్తాను, మనసు పాడుచేసుకోకండి.’ ‘మీరు పెట్టారు కదా అని నేనూ పెడుతుంటాను.’ పాతమిషన్ అనే పేరు పెట్టుకున్నతను రాశాడు: ‘రెండో గుర్తు నాదేనక్కా. నాకసలు మిషనే లేదు. నాకు కుట్టడం రాదు. మంచి పనికి చెయ్యి వేసినట్టుంటుందని నొక్కుతుంటాను.’

పదిమంది చేతిలో పడ్డ పాము చావదంటారు. ఈ పాముకు పదకొండు వేల చేతులు.

సూదిమందు ఏమీ రాయలేదు.

మాస్టారు నాలుగు టీ గ్లాసులతో వచ్చాడు. ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పైఅర మీంచి కాన్వాసు తాను దింపాడు. కోడలి ఫోనులో కొలత చూసి గీశాడు, కత్తిరించాడు. నవారు నాలుగు ముక్కలు కోశాడు. అన్నీ తెచ్చి టైలరమ్మ మిషను మీద పెట్టాడు.

"ఇప్పుడు కుట్టు," అన్నాడు.

ఆమె కుట్టింది. పేజీలో ఉన్నది ఉన్నట్టు, తను రాసిన మాట ప్రకారం కుట్టు దగ్గరగా వేసి కుట్టింది. దారం రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒక్క పట్టున సూదిలోకి ఎక్కలేదు. మాస్టారు చూశాడు, సాయం చేయలేదు. కత్తిరింపు మొదలైన దగ్గర్నించి ఆఖరి దారం తెంపేదాకా గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

యూనిఫారం గుడ్డ బేళ్ళు రెండు తూచి, కొత్త గుడ్డ మీద పెట్టారు. అరవై నాలుగు కిలోలు. పెద్దాయన బరువు అరవై రెండు. నాలుగు పిడులు. మాస్టారు, టైలరమ్మ, కోడలు తలా ఒకటి పట్టుకున్నారు. ఆడపడుచు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"చూస్తారేంటమ్మా, నాలుగో చెయ్యి కావాలి," అన్నాడు మాస్టారు.

"నా ఖర్మ," అంటూ ఆమె కొంగు బిగించి వచ్చి నాలుగో పిడి పట్టుకుంది.

మొదటిసారి లేచింది. రెండోసారి లేచింది. మూడోసారి మోకాలెత్తు దాటాక ఆడపడుచు చేతిలో ఉన్న పిడి అరచేయంత గుడ్డతో సహా చిరిగి వచ్చేసింది. బేళ్ళు నేల మీద పడ్డ చప్పుడుకు పక్క కొట్టువాళ్ళు వచ్చి తొంగిచూశారు. ఆడపడుచు తన చేతిలోని పిడిని కోడలి ఒళ్ళో అంతకుముందు ఉన్న పిడి పక్కన పెట్టి చూసింది. ముక్క ఒకటే. అంచులు ఒకటే.

ఆమె ఆ చిరుగుల వెంట వేలు పోనిచ్చింది.

"మొన్న మా తమ్ముడు కుడివైపు పట్టుకున్నాడు," అంది. "వాడు ఎడమవైపు పట్టుకుని ఉంటే వాడి చేతిలోనే ఊడేది."

రెండు గంటలకు టైలరమ్మ, తేదీ మాత్రమే వేసి ఉన్న ఆ కాగితం మీదే నాలుగు వాక్యాలు రాసింది. కుట్టు బాగుందని, కొలత తప్పని, ఆ కొలత కుట్టి చూశానని అబద్ధం చెప్పింది తనేనని, అడిగితే ఎవరి ముందైనా వచ్చి చెబుతానని. సంతకం పెట్టింది. ఆడపడుచు దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళిపోయింది. చూపిస్తానని గానీ చూపించనని గానీ అనలేదు.

కోడలు షాపులోనే ఉండిపోయింది. నలభై మూడు పేర్లలో తనది పోగా నలభై రెండు. పేజీలో రాసింది అందరూ చూస్తారన్న నమ్మకం లేదు. ఒక్కొక్కరికీ విడిగా రాయాలి, నంబరు ఇచ్చినవాళ్ళతో మాట్లాడాలి. ఆమె, టైలరమ్మ ఒకే బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు.

"‘కొలతలక్కనండీ’ అని మొదలుపెడుతున్నారు ప్రతి ఫోనూ," అంది కోడలు ఒకసారి, తల ఎత్తకుండా. "వాళ్ళు సంతోషపడిపోతున్నారు మీ గొంతు విని. ఆ తర్వాత మీరు చెప్పేది చెబుతున్నారు. ముందే చెప్పెయ్యండి."

అప్పటినుంచి టైలరమ్మ ముందే చెప్పింది. "తప్పుడు గుర్తు పెట్టినామెను మాట్లాడుతున్నాను," అని.

ఒకావిడ విని ఏడ్చింది. ఒకాయన కొడుకును పిలిచి గుడ్డను అప్పటికప్పుడు కత్తిరింపజేశాడు, ఆ చప్పుడు ఫోనులో వినబడింది. ఇంకొకాయన అంతా విని, "ఇదిగోమ్మా, నువ్వు ఇంకా ఎన్నింటికి ఇలా పెట్టావు?" అని అడిగాడు. టైలరమ్మ రెండువందల పన్నెండులో తను నిజంగా కుట్టినవి గుర్తు చేసుకుంది. అరవై దాకా వచ్చి ఆగిపోయింది. కుట్టినవి అరవయ్యేనని, మిగతావన్నీ ఇలాగేనని చెప్పింది. ఆయన ఫోను పెట్టేశాడు. మాస్టారు బల్ల దగ్గర కత్తెర ఆపి విన్నాడు, మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టాడు.

మూడూ ఇరవైకి కోడలి ఫోను మోగింది. ఆడపడుచు. అవతలి గొంతు బల్ల దాటి వినబడింది.

"చదివి వినిపించాను. మీ ఆయన బయటికెళ్ళి నిలబడ్డాడు. చిన్నాన్న ఆవిడ మీద కేసు పెడదామంటున్నాడు, అది రేపు చూద్దాం. నాన్నకి కూడా చెప్పాను, నీ కుట్టు కాదని. విన్నాడో లేదో తెలీదు. నువ్వేమన్నా తిన్నావా?"

"లేదొదినా."

"తిను. తిండి మానేస్తే తుంటి అతుకుతుందా?"

కోడలు ఫోను పెట్టేసి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. టైలరమ్మ చెయ్యి బల్ల మీదుగా సగం దూరం వెళ్ళి, అక్కడినుంచి వెనక్కి వచ్చేసింది.

మూడున్నరకు నలభై రెండులో ముప్పై తొమ్మిది జవాబులు వచ్చాయి. మూడూ ముప్పై ఆరుకు నలభయ్యోది వచ్చింది. రాసినతను వేరే ఊళ్ళో టైలరు. ‘అక్కా, ఇప్పుడే చూశాను. నేను కుట్టింది ఒకటి కాదు. మా ఊళ్ళో ఒక వృద్ధాశ్రమానికి మీ కొలతతో ఇరవై ఆరు కుట్టిచ్చాను. నిన్న పట్టుకెళ్ళారు. ఇవాళ నాలుగింటికి అందరినీ మంచాల మీంచి ఆ గుడ్డలతోనే దింపుతామన్నారు. నేను పెళ్ళికొచ్చాను, అక్కడికి మూడు గంటల ప్రయాణం. ఫోను చేస్తే ఎత్తడం లేదు.’ కింద ఆశ్రమం ఆఫీసు నంబరు ఉంది.

టైలరమ్మ మూడూ ముప్పై ఎనిమిదికి ఫోను చేసింది. మోగి ఆగిపోయింది. కోడలు తన ఫోను నుంచి చేసింది. మోగి ఆగిపోయింది. మాస్టారు కత్తెర వదిలేసి, వచ్చి, తన ఫోను కూడా బల్ల మీద పెట్టాడు. మూడు ఫోన్లూ మార్చి మార్చి చేశారు. పదకొండుసార్లు మోగింది.

పన్నెండోసారి, నాలుగు గంటల రెండు నిమిషాలకు, అవతల ఒకామె ఎత్తింది.

"అమ్మా, నేను తప్పుడు గుర్తు పెట్టినామెను..." అంది టైలరమ్మ.

"కాసేపాగి చెయ్యండమ్మా," అంది ఆమె. "ఆఫీసులో ఎవరూ లేరు. అందరూ పైన పెద్దవాళ్ళని ఎత్తుతున్నారు."

ఫోను పెట్టేసింది.